జ్వరం రాలేదని నేను పెట్టిన సంతకం

సూరత్ న్యాయస్థానం, మేజిస్ట్రేట్ గారి ఎదుట. తేదీ 16 ఫిబ్రవరి 2021, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. సాక్షికి గుజరాతీ చదవడం, రాయడం రాదు. ప్రమాణం చేసి తెలుగులో చెప్పగా, లింబాయత్‌లోని తెలుగు బడిలో పనిచేసి రిటైరైన బ్రహ్మచారి మాస్టారు విని రాసినది.

నా పేరు ఆడెపు నరహరి. మా నాన్న పేరు లస్మయ్య. నా వయసు ముప్పై ఎనిమిది సంవత్సరాలు. మాది జగిత్యాల వైపు పల్లె. పదిహేడేళ్లుగా సూరత్‌లో, లింబాయత్‌లో ఉంటున్నాను. పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు రిపేరు చేస్తాను. నా భార్య పేరు వినోద. ఆమె తమ్ముడు పరుశురాం, వయసు ఇరవై ఏడు, మాతోపాటే ఉంటాడు. మాది ఒకటే గది.

నన్ను ఎవరూ పిలిపించలేదు. నేనే అర్జీ పెట్టుకుని వచ్చాను. నా భార్య అన్న కమలాకర్ ఈ నెల పదో తేదీన సంధ్యారాణి మీద ఫిర్యాదు ఇచ్చాడు. ఆమె ఆరోగ్యం సంగతి అడగకుండా పరుశురాంను కొండ మీదికి సైకిల్ యాత్రకు తీసుకుపోయిందని, అందువల్లే అతను పడ్డాడని, జ్వరం లేదని రాసి ఉన్న పుస్తకం ప్రమాదం జరిగాక పుట్టించిందని అందులో ఉంది. అది నిజం కాదు. ఆమె అడిగింది. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అబద్ధం చెప్పింది నేను.

సంధ్యారాణి వయసు ముప్పై ఒకటి. పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే. మా వాడలో సైకిల్ దుకాణం వాళ్ల నాన్నది. ఆయన పోయాక ఆమె నడుపుతోంది. రెండు వేల ఇరవై మే నెలలో, మగ్గాలన్నీ ఆగిపోయి మావాళ్లు సైకిళ్ల మీద ఊళ్లకు బయలుదేరినప్పుడు, ఆమె షట్టర్ సగం దించుకుని లోపల కూర్చుని ప్రతి సైకిల్‌కూ బ్రేకులు చూసి పంపింది. వెళ్లేవాళ్ల ఫోన్ నంబర్లు షట్టర్ లోపలివైపు సుద్దముక్కతో రాసుకునేది. ఊరు చేరామని ఫోన్ వస్తే పక్కన గీత గీసేది. ఆగయ్య అనే ఆయన ఫోన్ పంతొమ్మిది రోజులు రాలేదు. ఆమె రోజూ చేస్తూనే ఉంది. దారిలో ఫోన్ పోయిందట. ఆయన వేరేవాళ్ల ఫోన్ నుంచి మాట్లాడిన రోజే ఆమె మళ్లీ షట్టర్ పూర్తిగా ఎత్తింది. ఇది నేను చూసిన విషయం.

కిందటి దీపావళి తర్వాత ఆమె కొండదారుల్లో నడిపే లావు టైర్ల గేరు సైకిళ్లు పాతవి కొని, విప్పి, బాగుచేసి, వాడలో కొందరికి నేర్పడం మొదలుపెట్టింది. కార్ఖానాలో పన్నెండు గంటలు నిలబడే మనుషులు నెలకొక్కసారైనా చెట్ల గాలి పీల్చాలని ఆమె అనేది. నేను చేరాను. పరుశురాంను కూడా నేనే చేర్చాను. లాక్‌డౌన్‌లో పని పోయినప్పటి నుంచి అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. సైకిల్ మొదలుపెట్టాక అన్నం అడిగి పెట్టించుకుని తిన్నాడు. వినోద ఆ రోజు కళ్లు తుడుచుకుంది.

మేము ఐదుగురం. సంధ్యారాణి, నేను, పరుశురాం, కామ్‌రేజ్‌లో ఉండే టెంపో డ్రైవర్ దేవదాస్, ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే పద్మారాణి. సోన్‌గఢ్ దాటాక ఒక కొండ ఎక్కి దిగాలని అనుకున్నాం. దానికి ఆమె మమ్మల్ని నాలుగు ఆదివారాలు సిద్ధం చేసింది. జనవరి పది, పదిహేడు, ఇరవై నాలుగు, ముప్పై ఒకటి. పొద్దున ఆరింటికి రాత్రి కర్ఫ్యూ తీసేయగానే బయలుదేరేవాళ్లం. సూరత్‌లో ఎత్తు అంటే వంతెనలే. ఫ్లైఓవర్ ఎక్కించేది, దింపేది, మళ్లీ ఎక్కించేది. మేము ఎక్కడానికే ఆయాసపడుతుంటే ఆమె దిగడమే చూసేది.

"ఎక్కుడు ఎవలకైన వస్తది అన్నా. దిగుడు నేర్చుకోవాలె. ముందు బ్రేకు ఒక్కటే పడితె సైకిల్ నిన్ను ఎత్తి పడేస్తది. రెండూ పట్టు, జర మెల్లగ పట్టు, నడుము ఎనుకకు జరుపు" అనేది.

ఎవరి పంక్చర్ వాళ్లే వేసుకోవాలని చెప్పింది. నేను మగ్గం మొత్తం విప్పి పెట్టేవాణ్ణి. ట్యూబు ముందు కూర్చుంటే నాకు చేతులు ఆడలేదు. ఆమె నవ్వలేదు. పక్కన కూర్చుని మళ్లీ చూపించింది. గొలుసు, బ్రేకు ప్యాడ్లు, చక్రాల ఊచలు ఒక్కొక్కటి మా వేళ్లతోనే తడిమి చూసుకోమనేది. హెల్మెట్లు కొత్తవే కొనిపించింది. పాతది ఒకటి పరుశురాం తెస్తే వద్దంది. "ఒక్కసారి దెబ్బ తిన్నదాన్ని నమ్మొద్దు తమ్మీ. పైకి మంచిగనే కనవడతది" అంది.

మూడో ఆదివారం ఆమె వంతెన పక్కన రోడ్డు మీద వెల్లకిలా పడుకుంది. "నేనే పడ్డననుకోండ్రి. మీరేంజేస్తరు?" అని అడిగింది. మేము ఆమెను లేపబోయాం. వద్దని అరిచింది. పడ్డ మనిషిని లాగకూడదని, మెడ కదలకుండా పట్టుకోవాలని, ఒకరు మూడుసార్లు ఈల వేయాలని, ఒకరు ఫోన్ చేయాలని నాలుగుసార్లు చేయించింది. పొద్దున నడకకు వచ్చిన ఒక గుజరాతీ పెద్దాయన నిజంగానే ఏదో అయిందనుకుని నీళ్ల సీసా పట్టుకుని పరుగెత్తి వచ్చాడు. ఆమె లేచి దండం పెట్టింది. మేమందరం నవ్వాం. ఆ ఆదివారం పరుశురాం లేడు.

ఎందుకు లేడో ఇప్పుడు చెబుతాను. జనవరి పద్దెనిమిది, సోమవారం అతనికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఉంది. దగ్గు వచ్చింది. అన్నం వాసన తెలియలేదన్నాడు. టెస్టు చేయించలేదు. చేయిస్తే ఇంటికి కాగితం అంటిస్తారు, నన్ను కార్ఖానాకు రానివ్వరు. వినోద కషాయం కాచి పోసింది. జ్వరం తగ్గింది. ఇరవై నాలుగో తేదీన సంధ్యారాణి నన్ను అడిగింది. "పరుశురాం రాలేదేంది అన్నా? పానం మంచిగ లేదా?" అంది. కామ్‌రేజ్‌లో చుట్టాల ఇంటికి పోయాడని చెప్పాను. ఇది మొదటిసారి.

ఆమె నియమం మా అందరికీ తెలుసు. జ్వరం వచ్చిన మనిషి నెల రోజుల దాకా కొండ ఎక్కకూడదు. ఇంట్లో ఎవరికి వచ్చినా ఆ ఇంటివాళ్లు రాకూడదు. ఆమె కారణం కూడా చెప్పింది. "మనకు ఊపిరి అందకపోవుడు ఒక్కటే కాదు. ఆడ అడివిల చిన్న చిన్న ఊళ్లున్నయి. మన సూరత్ రోగం మోసుకపోయి వాళ్లకు అంటించొద్దు. వాళ్లకు దగ్గర్ల దవఖాన లేదు" అంది.

నేను పరుశురాంతో ఈసారి వద్దన్నాను. అతను నా చేయి పట్టుకున్నాడు. "బావా, చెప్పకు బావా. గీ ఒక్కటి పోతె మళ్ల గోడ దిక్కు తిరిగి పండుడే నాకు" అన్నాడు. నేను చెప్పలేదు.

ఫిబ్రవరి రెండు, మంగళవారం సంధ్యారాణి దుకాణం మూసి, దేవదాస్ టెంపోలో సైకిల్ వేసుకుని ముందుగా ఆ కొండకు వెళ్లింది. మేము వెళ్లబోయే దారిలో ఒక్కతే ఎక్కి దిగి చూసింది. కొండ కింద పల్లెలో ఛగన్‌భాయ్ గామిత్ అనే రైతుకు జీపు ఉంది. ఆదివారం ఆయన ఇంటి దగ్గరే ఉంటాడా అని కనుక్కుంది. పల్లెలో పెద్దమనుషులను రావచ్చా అని అడిగింది. రావచ్చు, కానీ ఇళ్లవైపు రావద్దు, చేతిపంపు ముట్టుకోవద్దు అన్నారు. ఆమె ఒప్పుకుంది. ఎక్స్‌రే తీసే ఆసుపత్రి దగ్గరి పట్టణం వ్యారాలో ఏది ఉందో, అది ఆదివారం తెరిచి ఉంటుందో లేదో చూసి వచ్చింది. దారి అంతా ఒక కాగితం మీద గీసి నలుగురికీ ఇచ్చింది. అందులో మూడు చోట్ల చుక్కలు పెట్టింది. కొండ మీద ఫోన్ పలికేది ఆ మూడు చోట్లే.

ఆరో తేదీ, శనివారం సాయంత్రం ఐదున్నరకు దుకాణంలో పుస్తకం తెరిచింది. ప్రతి ఒక్కరి పేరు కింద ప్రశ్నలు రాసి ఉన్నాయి. నెల రోజుల్లో జ్వరం వచ్చిందా, దగ్గు ఉందా, ఆయాసం ఉందా, మందులు ఏవైనా వాడుతున్నారా, ఇంట్లో ఫోన్ ఎవరికి చేయాలి. రాసిన మనిషితో పాటు ఇంటి మనిషి కూడా సంతకం పెట్టాలి. పరుశురాం జ్వరం రాలేదని రాశాడు. ఆమె నావైపు చూసి, "అన్నా, నువ్వు చెప్పు. ఒక్క అర్రల ఉంటరు గదా మీరు. జరం గిట్ల వచ్చిందా?" అని అడిగింది. రాలేదన్నాను. ఇంటి మనిషి అని ఉన్నచోట సంతకం పెట్టాను. ఇది రెండోసారి. కోర్టువారికి చూపించిన పుస్తకంలో ఉన్న ఆ సంతకం నాదే. ఆరో తేదీ సాయంత్రమే పెట్టాను. ప్రమాదం తర్వాత పెట్టింది కాదు. నీలం సిరా అయిపోయి నా పేరులో చివరి అక్షరం నల్ల పెన్నుతో రాశాను. చూస్తే తెలుస్తుంది.

ఏడో తేదీ, ఆదివారం ఉదయం ఆరుంబావుకు లింబాయత్ నుంచి టెంపోలో బయలుదేరాం. సైకిళ్ల మధ్య పాత బొంతలు కట్టాం. అందరికీ మాస్కులున్నాయి. ఎవరి నీళ్లు, ఎవరి తిండి వాళ్లే తెచ్చుకున్నాం. చెత్త తిరిగి తెచ్చుకోవడానికి తలా ఒక సంచి ఇచ్చింది. ఎనిమిదీ యాభైకి కొండ కిందికి చేరాం.

అక్కడ ఆమె అందరి వేలికీ ఆక్సిజన్ చూసే మిషన్ పెట్టింది. నాకు తొంభై ఏడు. పరుశురాంకు తొంభై ఐదు. ఆమె తీసి, అతని వేలు రుద్ది, మళ్లీ పెట్టింది. తొంభై ఐదే. తొంభై నాలుగు కంటే తగ్గితే కిందే ఉండిపోవాలని ఆమె లెక్క. ఆమె నన్ను పక్కకు పిలిచింది. "అన్నా, మళ్ల అడుగుతున్న అని ఏమనుకోకు. జరం రాలేదు గదా? వచ్చుంటె చెప్పు, ఇయ్యాల మనందరం గీ చెట్ల కింద కూసొని తిని పోదాం. కొండ ఏడికీ పోదు" అంది.

నిజం చెప్పడానికి అంతకంటే సులువైన సమయం నాకు రాదు. నేను పరుశురాం వైపు చూశాను. అతను హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నాడు. "పొద్దుగాల చాయ్ గూడ తాగలేదు చెల్లె, గందుకే" అన్నాను. ఇది మూడోసారి.

ఆమె అతన్ని తన వెనకే ఉండమంది. అతని వెనక నన్ను ఉంచింది. తొమ్మిదీ నలభైకి ఎక్కడం మొదలుపెట్టాం. మోదుగులు పూసి ఉన్నాయి. ప్రతి పావుగంటకూ ఆమె ఆపి, అందరి ముఖాలూ చూసి, నీళ్లు తాగించింది. పదకొండుంబావుకు పైకి చేరాం. పరుశురాం రెండు చేతులూ చాపి నిలబడి, "బావా, ఈడికెల్లి సూరత్ కనవడతలేదు బావా" అని నవ్వాడు. ఏడాదిలో అతను నవ్వడం నేను అప్పుడే చూశాను.

పదకొండూ నలభైకి దిగడం మొదలుపెట్టాం. ఆమెను దాటి ఎవరూ ముందుకు పోకూడదని మళ్లీ చెప్పింది. మేము మెల్లగానే దిగాం. మూడో మలుపు దగ్గర పరుశురాం తల పక్కకు వాలింది. సైకిల్ దారి దిగి గుంటలోకి పోయింది. అతను రాయి మీద పడ్డాడు. అప్పుడు పదకొండూ యాభై రెండు. బ్రేకులు పనిచేస్తూనే ఉన్నాయి. సైకిల్ తప్పు లేదు. దారి తప్పు లేదు.

నేను అతన్ని లేపబోయాను. సంధ్యారాణి ఈల వేసింది, మూడుసార్లు. నా చేతులు అక్కడే ఆగిపోయాయి. పద్మారాణి మెడ పట్టుకుంది. దేవదాస్‌కు ఏమీ చెప్పనక్కర లేకపోయింది. కాగితంలో చుక్క ఉన్న తెల్లరాయి దగ్గరికి వెనక్కి పరుగెత్తి ఫోన్ చేశాడు. వంతెన పక్కన నాలుగుసార్లు చేసిందే మేము చేశాం. హెల్మెట్ ఎడమవైపు చెవి మీద నుంచి వెనక్కి చీలి ఉంది. తలకు గాయం లేదు. భుజం ఎముక విరిగింది. ఆమె కర్రలు పెట్టి, కండువాతో చేయి కట్టింది. వేలికి మిషన్ పెడితే ఎనభై ఆరు. దాన్ని చూసి ఆమె నావైపు చూసింది.

పన్నెండూ పద్నాలుగుకు ఛగన్‌భాయ్ జీపు వచ్చింది. అతన్ని ఎక్కించే ముందు నేనే చెప్పాను. "చెల్లె, జరం వచ్చింది. ఇరవై దినాలైంది" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. ముందు ఛగన్‌భాయ్ వైపు తిరిగి, గుజరాతీలో ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి, ఈ మనిషిని ఎక్కించుకోకపోయినా మీ తప్పు లేదని చెప్పింది. ఆయన తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి ముక్కుకు కట్టుకుని, ఎక్కించండి అన్నాడు. కిటికీలన్నీ తెరిచారు. జీపు కదిలాక ఆమె నాతో ఒక్క మాట అంది. "నాతోని అబద్ధమాడినవు, అది నేను మరిచిపోత. ఛగన్‌భాయ్ ఇంట్ల ఎనభై ఏండ్ల అవ్వ ఉన్నది అన్నా. ఆమెకు నువ్వేం చెప్తవు?"

నేను పరుశురాం చేయి కదలకుండా పట్టుకుని కూర్చున్నాను.

ఆసుపత్రికి ఒంటిగంటకు చేరాం. ఆమె డాక్టరుకు మొదటి మాటే జ్వరం సంగతి చెప్పింది. అతన్ని వేరే గదిలో ఉంచి ఆక్సిజన్ పెట్టారు. టెస్టులో రోగం ఇప్పుడు లేదని వచ్చింది కానీ, ఊపిరితిత్తుల్లో మచ్చలు ఇంకా ఉన్నాయని, అందుకే కళ్లు తిరిగాయని డాక్టరు అన్నాడు. హెల్మెట్ లేకపోతే ఇక్కడిదాకా తెచ్చేవారు కాదని కూడా అన్నాడు.

ఆ టెస్టు ఫలితం వచ్చాక కూడా సంధ్యారాణి సూరత్‌కు రాలేదు. ఆ పల్లె బయట బడి వరండాలో ఐదు రోజులు ఉంది. ఛగన్‌భాయ్ తన ఇంట్లోకి పోకుండా పొలంలో పాకలో ఉంటే, సోన్‌గఢ్ నుంచి ఆయన ఇంటికి కావలసిన సామాను సైకిల్ మీద తెచ్చి గడప బయట పెట్టింది. ఐదో రోజు ఆయనకు టెస్టు చేయించింది. లేదని వచ్చింది. అవ్వ బాగానే ఉంది. అప్పుడు బయలుదేరి వచ్చింది. వచ్చేసరికి ఆమె మీద ఫిర్యాదు ఉంది.

అడిగిన మీదట చెప్పేది: కమలాకర్ చెడ్డవాడు కాదు. పరుశురాంను చిన్నప్పుడు ఎత్తుకుని పెంచినవాడు. తమ్ముడు మంచం మీద ఉంటే ఎవరో ఒకరి మీద కోపం రావాలి. జ్వరం సంగతి దాచింది నేనేనని అతనికీ చెప్పలేదు. సంతకం తర్వాత పెట్టించారని చెప్పమని అతను నన్ను అడిగింది నిజమే. నిన్న మధ్యాహ్నం అతనికి మొత్తం చెప్పాను. "గీ ముచ్చట ముందే చెప్తే నేను ఠాణా మెట్లెక్కుతుంటినా నరహరీ?" అని తల పట్టుకున్నాడు. ఇప్పుడు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నాతో కలిసి రాలేదు, కానీ వచ్చాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి ఏ కాగితం రాయాలని ఇందాక గుమాస్తాను అడుగుతున్నాడు.

అడిగిన మీదట చెప్పేది: పరుశురాం పదమూడో తేదీన ఇంటికి వచ్చాడు. చేయి కట్టుతో ఉంది. గోడవైపు తిరిగి పడుకోవడం లేదు. భుజం ఎన్నాళ్లకు అతుకుతుందని రోజూ అడుగుతున్నాడు. వినోద నాతో వారం రోజులుగా మాట్లాడలేదు. జ్వరం ఆమెకూ తెలుసు కాబట్టి నన్ను ఏమనాలో ఆమెకు తోచడం లేదనుకుంటాను. ఈరోజు పొద్దున నేను అడగకుండానే అంగీ ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించింది.

అడిగిన మీదట చెప్పేది: ఇలా చెబితే నా మీద కేసు కావచ్చని మేజిస్ట్రేట్ గారు చెప్పారు. అర్థమైంది. నేను చెప్పినది మార్చుకోను.

అడిగిన మీదట చెప్పేది: ఆమెతో మళ్లీ కొండకు పోతావా అని మేజిస్ట్రేట్ గారు అడిగారు. ఆమె ఒప్పుకుంటే పోతాను. అంత జాగ్రత్తగా మనుషుల్ని చూసుకునేవాళ్లను నేను వేరే చూడలేదు. కానీ ఆమె ఒప్పుకోదు. నిన్న పొద్దున దుకాణానికి పోయి అడిగాను. పరుశురాంకు మాత్రం డాక్టరు సరేనన్నాక వంతెన దగ్గరికి రమ్మంది. నాకు మూడు నెలల దాకా లేదంది. ఆ మూడు నెలలూ ఆదివారం పొద్దున ఆరింటికి వచ్చి, వేరేవాళ్ల బ్రేకులు చూసి పంపమంది. పోతానని చెప్పాను.

పైన రాసినదంతా బ్రహ్మచారి మాస్టారు నాకు తెలుగులో చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. నా చేత ఎవరూ చెప్పించలేదు, ఎవరి భయంతోనూ చెప్పలేదు. ఇంటి మనిషి అని ఉన్నచోట ఆ రోజు అబద్ధానికి సంతకం పెట్టాను. దీని కింద నిజానికి పెడుతున్నాను.

(సంతకం) ఆడెపు నరహరి
మధ్యాహ్నం ఒంటిగంట ఐదు నిమిషాలు